ఓరియంటల్ ఫ్లోరల్ పెర్ఫ్యూమ్ అసలు ఎలా ఉంటుంది? పూల వాసనా, తియ్యటి వాసనా? రోజూ వాడొచ్చా?

రెండూ, కానీ ముందు పూలు, తీపి మెల్లగా కిందనుంచి వస్తుంది. ఈ రకం నేను ఏడేళ్ళుగా వాడుతున్నాను, మీరు రోజూ వాడొచ్చా అని కూడా అడిగారు కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

ఓరియంటల్ అంటే వెనీలాతో పాటు సాంబ్రాణి, లాబ్డనమ్ లాంటి మొక్కల బంకలు కలిపిన వెచ్చటి తియ్యటి బేస్ (చివరిదాకా నిలిచే అడుగు వాసన), 1925లో వచ్చిన గెర్లాన్ కంపెనీ పెర్ఫ్యూమ్ షాలిమార్ దీనికి అందరూ చెప్పే ఉదాహరణ. దానిమీద పూలు గట్టిగా నిలబెడితే ఓరియంటల్ ఫ్లోరల్. 2021లో పెర్ఫ్యూమ్‌లని రకాలుగా విడగొట్టే నిపుణుడు మైకేల్ ఎడ్వర్డ్స్ తన వర్గీకరణలో ఆ పేరు తీసేసి ఆంబర్ అని పెట్టాడు, కాబట్టి ఆంబర్ ఫ్లోరల్ అని కనిపించినా కంగారు పడకండి, అదే ఇది.

నేను మొదట కొన్నది మ్యూగ్లర్ ఏలియన్, 2005లో వచ్చింది. పేపర్ మీద వాసన చూస్తే మల్లె తప్ప ఇంకేం తెలీలేదు, అదీ ముక్కుకి అడ్డం పడేంత చిక్కగా, వద్దనుకుని పక్కన పెట్టేశా. అయితే మణికట్టు మీద ఒక చుక్క మిగిలిపోయింది, మూడు గంటల తర్వాత చెయ్యి మొహం దగ్గరకొస్తే అదే మల్లె, కానీ కింద వెచ్చటి చెక్క వాసన, దానిలో మెత్తటి తీపి, పూవు ఒంటి వేడికి కరిగినట్టు ఉంది, మర్నాడే వెళ్ళి తెచ్చుకున్నా. పూల అణువులు చాలావరకు ముందు ఎగిరిపోతాయి, వెనీలా బరువుగా కూర్చుని ఉంటుంది, అందుకే ఐదు నిమిషాల్లో తీర్పు చెప్పేస్తే సగం పెర్ఫ్యూమ్ చూడనట్టే.

మల్లె జాతి పూలల్లో ఇండోల్ అని ఒకటుంటుంది. విడిగా చూస్తే కలరా ఉండల వాసన, కానీ చిటికెడు ఉంటేనే పూవు నిజంగా విచ్చుకున్న పూవులా ఉంటుంది, అది తీసేస్తే సబ్బు వాసనే మిగులుతుంది. కొందరికి ఈ పెర్ఫ్యూమ్‌లు "మురికి"గా అనిపించేది దీనివల్లే, నాకైతే ప్రాణం అదే.

ఇక పాత, మోడర్న్ ఓరియంటల్ ఫ్లోరల్స్‌కి తేడా ఎక్కడొస్తుందంటే, పాతవి బరువు, కొత్తవాటిలో హెడియోన్ లాంటి తేలికపాటి మల్లె వాసన పదార్థాలు వేసి మల్లెకి గాలి ఆడేలా చేస్తారు (1966లో డియోర్ వాళ్ళ ఓ సోవాజ్ పెర్ఫ్యూమ్‌తో హెడియోన్‌కి పేరొచ్చింది). ఇంకోవైపు 1992లో మ్యూగ్లర్ వాళ్ళదే ఏంజెల్ వచ్చాక కాల్చిన చక్కెర వాసనిచ్చే ఇథైల్ మాల్టాల్ వాడకం బాగా పెరిగింది, 2014 నాటి బ్లాక్ ఓపియం అయితే కాఫీ, వెనీలా, తెల్లపూలు. అవీ బావుంటాయి కానీ నాలుగు గంటల తర్వాత ఒంటిమీద ఇదిగో పూవు అని చూపించలేకపోతే దాన్ని నేను ఫ్లోరల్ అనను, స్వీట్ అంటాను.

రోజూ వాడకానికి రెండు స్ప్రేలు చాలు, అవీ బట్టల లోపల ఛాతీ మీద. నేను ఒకసారి నాలుగు కొట్టుకుని ఏసీ గదిలో మీటింగ్‌కి వెళ్తే పక్కనున్న ఆవిడకి తలనొప్పి వచ్చింది, లేచి వేరే చోట కూర్చుంది, చాలా బాధేసింది. వేడికి తీపి ఇంకా ఉబ్బుతుంది. మధ్యాహ్నానికి వాసన పోయిందనిపిస్తే మళ్ళీ కొట్టుకోకండి, మీ ముక్కు అలవాటు పడిపోయిందంతే, పక్కవాళ్ళకి ఇంకా బాగా వస్తూనే ఉంటుంది.