రేటు రైజ్ అయిందా, రెయిజ్ చేశారా?

ప్రశ్న: సార్, మాది కావలి. రొయ్యల మేత డీలర్ దగ్గర లెక్కలు రాస్తా ఉంటా. మొన్న రైతులకి మెసేజ్ పెట్టమంటే 'ద ఫీడ్ రేట్ హ్యాజ్ రెయిజ్డ్' అని పెట్టినా. మా ఓనర్ కొడుకు చూసి అది తప్పు, 'హ్యాజ్ రిజెన్' అనాలంటాడు. రెండూ పెరగడమే కదా, ఏంది తేడా?

జవాబు: ఆ అబ్బాయి చెప్పిందే కరెక్టు. రెండూ ఒకటే అనుకోబాకండి. రైజ్ అంటే దానంతట అది లేవడం, పెరగడం. రెయిజ్ అంటే ఇంకొకరు లేపడం, పెంచడం. బళ్లో అకర్మకం, సకర్మకం అని చెప్పుంటారు, అదే ఇది. రెయిజ్ వాడినారంటే దాని వెనకాలే దేన్ని పెంచారో కూడా ఉండాల. మీ మెసేజ్‌ చదివినోళ్లకి రేటే దేన్నో పెంచినట్టుంది, దేన్నో మాత్రం మీరు చెప్పకుండా ఆపేశారు!

కంపెనీని ముందు పెట్టి 'ద కంపెనీ హ్యాజ్ రెయిజ్డ్ ద ఫీడ్ రేట్' అని రాసుంటే మీ మాటే నెగ్గేది. లేదా మధ్యలో ఒక్క 'బీన్' పడినా చాలు, 'ద ఫీడ్ రేట్ హ్యాజ్ బీన్ రెయిజ్డ్' అంటే తప్పేం లేదు. పెంచిందెవరో చెప్పకుండా తప్పించుకోవాలంటే ఇంతకంటే మంచి దారి లేదు, కంపెనీల లెటర్లు చూడండి, సగం ఇట్టనే ఉంటాయి.

వానలు పడి సోమశిల డ్యాంలో నీళ్లు పెరిగితే 'ద వాటర్ లెవెల్ రోజ్'. ఇంజనీర్లు గేట్లు ఎత్తితే 'దే రెయిజ్డ్ ద గేట్స్', గేట్లు వాటంతట అవి లేవవు కాబట్టి.

రూపాలు కూడా చూసుకోండి. రైజ్, రోజ్, రిజెన్. రెండోది రెయిజ్, రెయిజ్డ్, రెయిజ్డ్, దీంతో తలనొప్పి లేదు. చాలామంది 'రైజ్డ్' అని రాసేస్తారు, అట్టాంటి మాటే లేదు.

జీతం దగ్గర మాత్రం కొంచెం తిరకాసు. జీతం పెరగడాన్ని బ్రిటిష్ వాళ్లు పే రైజ్ అంటారు, అమెరికా వాళ్లు రెయిజ్ అంటారు, మనోళ్లు రెండూ వదిలేసి హైక్ అంటారు. పిల్లల్ని పెంచడానికీ, చందాలు పోగు చేయడానికీ, మీటింగులో చెయ్యెత్తడానికీ రెయిజే. సమస్య తలెత్తితే రైజ్ కాదు, అరైజ్.

రేటు తగ్గినప్పుడూ ఇదే లెక్క. తగ్గితే 'హ్యాజ్ ఫాలెన్', కంపెనీ తగ్గిస్తే 'హ్యాజ్ లోయర్డ్'. ఆ మెసేజ్ కోసం మీ రైతులు ఎప్పట్నుంచో కాచుకోనుంటారు లెండి.