రంగు వేయకముందు తీసుకురా

అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "వాడు జీపు వెనకాల తలుపులా తెరుచుకునే స్టెప్నీ స్టాండు చేయిస్తాడట అన్నయ్యా, డ్రాయింగు కూడా తనే గీసుకున్నాడు, నువ్వోసారి చెప్పు" అంది. వద్దని చెప్పాలో, బాగా చెయ్యమని చెప్పాలో మాత్రం చెప్పలేదు. మధురవాడ నుంచి మల్కాపురం ఎంత దూరంరా? విశాఖ షిప్‌యార్డులో 31 ఏళ్లు వెల్డింగ్ రాడ్డు పట్టిన మావయ్యని పెట్టుకుని ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంటావా? నువ్వే గీశావంటే మాత్రం నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం భయం.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. బండి మీద వెల్డింగ్ పెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్. నంబర్ ప్లేటు, వెనక లైట్లు టైరు చాటున పడకూడదు. వాలులో నిలబెట్టినప్పుడు ఆర్మ్, అదే టైరుని మోస్తూ తలుపులా తిరిగే చెయ్యి, దానంతటదే మూసుకుని వేళ్లు నలిపేస్తుంది, తెరిచినచోట ఆపే పిన్ను ఉండాలి. బండి మార్పుల మీద మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉంది, ఆర్టీఏ ఆఫీసులో ముందే అడుగు. పైపు చివరలు మూసెయ్, అడుగున నీరు కారడానికి చిన్న బెజ్జం వదులు. మన ఊరి ఉప్పు గాలికి ఇనుము లోపల్నుంచి తినేస్తుంది, బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది.

ఇక బరువు. 31 అంగుళాల టైరు వేశావట. ఇనుప రిమ్ముతో కలిపి 35 కిలోలు అనుకో. ఆర్మ్ తిరిగే పిన్ను నుంచి టైరు మధ్యకి 70 సెంటీమీటర్లు ఉంటే 35 ఇంటూ 70, అంటే 2450. పిన్ను మీద పైబేరింగుకీ కింది బేరింగుకీ మధ్య 15 సెంటీమీటర్లే ఉంటే, ఆ 2450ని 15తో భాగించు, ఒక్కోదాని మీద పక్కకి లాగే బలం 160 కిలోల పైమాటే. ఇది బండి నిలబడి ఉన్నప్పటి లెక్క. గోతిలో పడి ఎగిరినప్పుడు మూడింతలు వేసుకో, దాదాపు అర టన్ను. అందుకే బేరింగుల మధ్య ఎడం ఎంత పెంచితే అంత మంచిది. ట్రాలీ చక్రం తిరిగే హబ్బు ఒకటి కొని, రెండు టేపర్ బేరింగులతో నిలువుగా పెట్టు. దాని స్లీవు గొట్టం బంపర్ పైపులోంచి ఆరపార దూరాలి, పైనా కిందా చుట్టూ వెల్డింగ్ పడాలి. పైన అతికించి వదిలేస్తే ఒప్పుకోను. వెల్డింగ్ చేసేటప్పుడు బేరింగులు బయట పెట్టు. నట్టుకి స్ప్లిట్ పిన్ను మరిచిపోకు. 7018 రకం వెల్డింగ్ రాడ్డు వాడితే ఓవెన్‌లో 300 డిగ్రీల పైన ఆరబెట్టినదే వాడమను. మన దగ్గర గాలిలో ఉన్న తేమకి ఆ రాడ్డు పైపూత అప్పడంలా చెమ్మ పీల్చేస్తుంది. ఆటోనగర్లో ఈ మాట అంటే నవ్వుతారు. నవ్వనీ. ఆ జెర్రీ క్యాను మాత్రం దాని మీద వేలాడదీయకు. నిండా డీజిల్ పోస్తే ఇంకో 20 కిలోలు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా సగమే తెలుసు.

1998లో నేనూ ఒకటి చేశాను. సెకండ్ హ్యాండ్ జీపు, కొత్త మోజు. హబ్బూ లేదు, బేరింగూ లేదు. పెద్ద గేటుకి వాడే మడతబందులు రెండు, ఇటు చివర ఒక లావుపాటి గడియ. రోజూ ఓడ పలకలు అతికే చేతికి ఇదొక పనా అనుకున్నాను. రెండు నెలలకి ఆర్మ్ ఓ సెంటీమీటరు కిందికి వాలింది. బరువంతా గడియ మీద పడి దాని బెజ్జం కోడిగుడ్డులా సాగింది. టకటకా మోత మొదలైంది. నేనేం చేశానో తెలుసా? సైకిల్ ట్యూబు ముక్క కోసి గడియకి చుట్టాను. మోత ఆగిపోయింది. మీ అత్తతో "చూశావా, అర్ధరూపాయి ఖర్చుతో" అని గొప్పలు కూడా పోయాను.

ఆ కార్తీకమాసంలో వనభోజనాలకి అరకు బయల్దేరాం. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతున్నాం. ఎక్కుడులో టైరు బరువు వెనక్కి లాగుతుంది కదా, గడియ ఊడింది. నాకు తెలీలేదు, ట్యూబు ముక్క వల్ల చప్పుడు లేదు. ఎడమ మలుపు తిప్పేసరికి ఆర్మ్ పూర్తిగా తెరుచుకుంది. నేను మడతబందులు కుడివైపు పెట్టాను, కాబట్టి టైరు ఎదుటివాళ్ల దారిలోకి చాచుకుని నిలబడింది. పైనుంచి స్కూటర్ మీద ఒక మాస్టారు వస్తున్నారు. తప్పించబోయి పడిపోయారు. భుజం దగ్గర ఎముక విరిగింది.

ఎత్తి కూర్చోబెట్టి నీళ్లిస్తుంటే ఆయన నన్ను తిట్టలేదు. "ఎవరు చేశారండీ ఇది?" అని మాత్రం అడిగారు. "గాజువాకలో ఎవరో" అన్నాను.

ఆరువారాలు ప్రతి ఆదివారం పళ్లు పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను. ఎడమ చేత్తో పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతూ కనిపించేవారు. ఒక్క ఆదివారం కూడా "నేనే చేశానండీ" అన్న మాట నోట్లోంచి రాలేదు. ఆ రోజు వెనక సీట్లో మీ అత్త ఒళ్లో నిద్రపోతున్నది నువ్వేరా. నీకప్పుడు మూడేళ్లు. ఆ కుదుపుకి కూడా లేవలేదు.

అందుకే చెప్తున్నాను, ఆర్మ్ తిరిగే పిన్ను ఎడమవైపు పెట్టు. నీ జీపు వెనక తలుపు కిందికి దిగేదే కాబట్టి ఇబ్బంది లేదు. రోడ్డు పక్కన ఆపినప్పుడు సామాను దించడానికి నువ్వు రోడ్డు వైపు నిలబడాలి, అది కష్టమే, పడు. ఎడమన నడిచేవాళ్లు ఉండరా అంటావు. ఉంటారు. కాబట్టి లాకులు రెండు ఉండాలి. ఒకటి బిగించి పట్టేది, ఇంకోటి అది ఊడినా ఆపే అడ్డ పిన్ను. లాకు బరువు మొయ్యకూడదు. బంపర్ మీద వాలుగా ఒక దిమ్మ పెట్టు, మూసినప్పుడు ఆర్మ్ దాని మీదికి ఎక్కి కూర్చోవాలి. బరువు దిమ్మది, పట్టు లాకుది. డోరు లైటు స్విచ్చు లాంటిది ఒకటి తగిలించి, ఆర్మ్ కదిలితే నీ ముందు ఎర్ర లైటు వెలిగేలా చెయ్. నాకు ఆ లైటు ఉండి ఉంటే బాగుండేది.

మోత వస్తే రబ్బరు చుట్టకు. బండి ఆపు, దిగు, చూడు.

వచ్చే ఆదివారం డ్రాయింగు తీసుకురా, అత్త నీకిష్టమని వంజరం తెప్పిస్తానంది. స్టాండు తయారయ్యాక రంగు వేయకుండా నా దగ్గరికి తే. రంగు కింద పగుళ్లు నాకు కనపడవు, కళ్లు మునుపట్లా లేవు. టైరు తగిలించి, చివర పట్టుకుని నా బరువంతా వేసి ఊగుతాను. నేను 78 కిలోలు. నువ్వు దిమ్మ దగ్గర కూర్చుని ఎంత కదులుతోందో చూసి నాకు చెప్పు.

మీ మావయ్య