తాతగారి వెండి రూపాయల గ్రేడింగ్‌కు గాజులు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది గాజువాక. పరవాడలో ఫార్మా కంపెనీలో పని చేస్తాను. జీతం 42,000, ఇంటి ఖర్చు 30,000. తాతగారి పెట్టెలో 40 వెండి రూపాయలు దొరికాయి. విక్టోరియా 1862వి మూడు, ఎడ్వర్డ్ 1904వి ఆరు, మిగతావి ఐదో జార్జివి, 1911 నుంచి 1920 దాకా. చింతపండుతో తోమితే తళతళలాడుతున్నాయి. అమెరికా పంపి గ్రేడింగ్ చేయిస్తే లక్షలు పలుకుతాయని ఒక ఏజెంటు అంటున్నారు. నాణేనికి 4,000 చొప్పున 15 నాణేలకు 60,000 అవుతుందట. మా ఆవిడ గాజులు పెడితే నూటికి రూపాయి వడ్డీకి ఇస్తామన్నారు. బ్యాంకులో 18,000 ఉన్నాయి. పంపమంటారా?

జవాబు: వద్దండీ. గాజులు బీరువాలోంచి తీయకండి. ఇలాంటి పెట్టెలు మన వైపు చాలా ఇళ్లలో ఉన్నాయి, ఇలాంటి ఏజెంట్లూ ఉన్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

గ్రేడింగ్ వాళ్లు నాణెం అసలుదా కాదా, ఎంత అరిగింది అని చూసి 70 లోపు ఒక అంకె వేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి ఇస్తారు. చేతులు మారకుండా, అరగకుండా ఉన్న నాణేలకే 60, ఆపైన పడుతుంది. తోమిన నాణెమైతే మామూలుగా అంకె వేయరు, శుభ్రం చేసినదని రాసి ఇస్తారు. మీరు చింతపండు పెట్టి తోమడంతో కొనేవాళ్లు చూసే పాత రంగు పోయింది. ఫీజు మాత్రం పూర్తిగా కట్టాలి. పైగా 1912 నుంచి 1920 దాకా జార్జి రూపాయలు కోట్లలో ముద్రించారు. అరిగినవాటికి వెండి ధర మీద కొద్దిగా ఎక్కువ వస్తుందంతే. అలాంటిదానికి 4,000 పెడితే ఎప్పుడు తిరిగొస్తుంది? ఈలోగా నెలకు 600 వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది మీ ఏజెంటు చెప్పలేదు. వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తు చట్టం కింద పురావస్తువే. దాన్ని మనలాంటివాళ్లు విదేశాలకు పంపడం నేరం. మీ 40 నాణేలూ ఆ వయసువే. పాత నాణేలకు లక్షలిస్తామంటూ తన పేరు వాడుకుని కమీషన్లు గుంజేవాళ్లున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది కూడా.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఆ 18,000. మీ ఖర్చుకు అది సరిగ్గా 18 రోజులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక విశాఖలో మా ఎంవీపీ కాలనీలో రోజుల తరబడి కరెంటు లేదు, ఏటీఎంలు పనిచేయలేదు. పక్కింటాయనకు లాకరులో పాతిక తులాల బంగారం ఉంది. పసిపిల్లకు పాల ప్యాకెట్ కొనడానికి మా ఇంటికొచ్చి వంద రూపాయలు అడిగారు. గుమ్మంలో నిలబడి, తల ఎత్తకుండా. అప్పటి నుంచి నా దగ్గరికి ఎవరొచ్చినా ముందు ఈ ఒక్క ప్రశ్నే అడుగుతున్నాను: ఆరు నెలల ఖర్చు పక్కన ఉందా? మీకది 1,80,000. ఉన్న 18,000కు తోడు నెలకు 6,000 రికరింగ్ డిపాజిట్ వేస్తే 27 నెలల్లో తయారవుతుంది. పది వేలు మాత్రం ఇంట్లో నగదుగా ఉంచండి. ఆ నిధి పూర్తయ్యేదాకా ఏ సరదాకూ అప్పు చేయకండి. ఉద్యోగం పోయిన నెలలో వడ్డీ కట్టలేకపోతే గాజులు వేలానికి పోతాయి. ఆ బాధ మీ ఆవిడది.

కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది, సొంతంగా ఒకటి తీసుకోండి.

నాణేల్లో బాగా అరిగిన ఓ పాతిక అమ్మడానికి మనసొప్పితే ఆ నిధి తొందరగా నిండుతుంది. ఒక్కో రూపాయి పాత లెక్కన తులం, అంటే 11.66 గ్రాములు. అందులో అసలు వెండి 10.69. పాతికకు పావు కిలో దాటుతుంది. రెండు మూడు చోట్ల ధర అడగండి.

1911 నాణెం ఒక్కటి వేరుగా పెట్టండి. రాజు వేసుకున్న గొలుసు మీది ఏనుగు పందిలా ఉందని గొడవై ఆపేసిన నాణెం అది, సేకరించేవాళ్లు అడుగుతారు. ముందు తూకం చూపించండి. సరిపోతే మన దేశంలోనే పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లకు ఆ ఒక్కదాన్నే, జీతం డబ్బుతో చూపించండి. అది ఇంకా తోమకపోయి ఉంటే చింతపండు, నిమ్మకాయ, టూత్‌పేస్ట్ ఏవీ తగలనివ్వకండి. అంచులు పట్టుకుని తీయండి, పీవీసీ కవర్లలో వేయకండి.