టెక్ సందేహాలు: కార్డ్‌లెస్ ఫోన్‌కు చవకైన బ్యాటరీ దొరుకుతుందా?

ప్రశ్న: మా ఇంటి కార్డ్‌లెస్ ఫోన్‌ను రాత్రంతా బేస్ మీదే ఉంచుతున్నాం. తెరపై బ్యాటరీ నిండుగా కనిపిస్తుంది కానీ, మాట్లాడటం మొదలుపెట్టిన రెండు నిమిషాలకే బీప్ శబ్దం వచ్చి ఆగిపోతోంది. కంపెనీ బ్యాటరీ కొందామంటే దాని ధర కొత్త ఫోన్ ధరలో సగం ఉంది. ఆన్‌లైన్‌లో అందులో నాలుగో వంతుకే దొరుకుతున్న బ్యాటరీలను నమ్మవచ్చా?

జవాబు: మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి లోపల ఉన్నది బాగా పాతబడిన నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ అయి ఉండాలి. పాత సెల్ పనేమీ చేయకుండా ఊరికే ఉన్నప్పుడు వోల్టేజీ బాగానే చూపిస్తుంది. ఫోన్ మాట్లాడటానికి కరెంటు లాగడం మొదలుపెట్టగానే ఒక్కసారిగా చతికిలపడుతుంది. తెర మీది గీతలు ఆ వోల్టేజీని చూసి వేసిన అంచనాలే కనుక వాటిని నమ్మి లాభం లేదు. అయితే డబ్బు ఖర్చుపెట్టే ముందు ఒక పని చేయండి. హ్యాండ్‌సెట్ అడుగున ఉన్న రెండు లోహపు బిళ్లలనూ, బేస్‌లో వాటికి తగిలే స్ప్రింగు రేకులనూ పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, ఒక రోజంతా చార్జ్ చేసి చూడండి. అక్కడ మకిలి పేరుకుంటే చార్జింగ్ అసలు ఎక్కదు, ఆ నేరం బ్యాటరీ మీద పడుతుంది.

అప్పటికీ మార్పు లేకపోతే వెనుక మూత తెరవండి. ఆ గదిలో కనిపించేదాన్ని బట్టే మీ ఖర్చు ఎంతో తేలుతుంది. పానసోనిక్, గిగాసెట్ వంటి కంపెనీల ఫోన్లలో చాలావాటికి రిమోట్‌లో వేసే ట్రిపుల్ ఏ సైజు సెల్స్ రెండు విడివిడిగా ఉంటాయి. అలా ఉంటే మీకు ‘కార్డ్‌లెస్ ఫోన్ బ్యాటరీ’ అనే పేరుతో అమ్మేదేదీ అక్కర్లేదు. అదే సైజు రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ ఏ మంచి కంపెనీవైనా సరిపోతాయి. రెండింటినీ ఒకే కంపెనీవి, ఒకే సామర్థ్యం ఉన్నవి, ఒకేసారి మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది కలిపితే పాతది ముందే ఖాళీ అయి, కొత్తదాని నుంచి కరెంటు దాని గుండా తిరగబడి ప్రవహిస్తుంది. దాంతో అది పూర్తిగా చెడిపోతుంది.

రెండో రకంలో సెల్స్‌ను ప్లాస్టిక్ తొడుగులో బిగించి, ఎర్ర, నల్ల తీగలతో ఒక చిన్న ప్లగ్ తగిలిస్తారు. నేను ఒకసారి అలాంటి పాత ప్యాక్ తొడుగును బ్లేడుతో చీల్చి చూస్తే, ఏ ప్రత్యేకతా లేని రెండు ట్రిపుల్ ఏ సెల్స్ పక్కపక్కన, ఒక నికెల్ పట్టీతో కలిపి కనిపించాయి. ఖరీదు పెరిగింది సెల్స్ వల్ల కాదు, తొడుగు, ప్లగ్‌ల వల్ల. ఇలాంటి ప్యాక్ కొనేటప్పుడు ఫోన్ మోడల్ పేరుతో వెతకడం కంటే పాత ప్యాక్ మీద రాసి ఉన్న మాటలతో వెతకడం మంచిది. ఒక్కో నికెల్ సెల్ 1.2 వోల్టులు కనుక, 2.4 వోల్టులు అంటే రెండు సెల్స్, 3.6 వోల్టులు అంటే మూడు. ఈ అంకె ఖచ్చితంగా కలవాలి. ప్యాక్ పొడవు, వెడల్పు స్కేలుతో కొలుచుకోండి. కొన్నింటిలో పూర్తి ట్రిపుల్ ఏ కాకుండా దానికంటే పొట్టి సెల్స్ వాడతారు. ఇక ప్లగ్ విషయం చాలామంది పట్టించుకోరు. ఆకారం ఒకటే అయినా ఎర్ర తీగ ఎడమ వైపు ఉన్నవీ, కుడి వైపు ఉన్నవీ రెండూ దొరుకుతాయి, అవి తారుమారైతే ఫోన్ లోపలి సర్క్యూట్ పాడయ్యే ప్రమాదం ఉంది. పాత ప్యాక్‌ను పక్కన పెట్టుకుని, అమ్మేవారి ఫొటోను పెద్దది చేసి, ప్లగ్ గాడి ఏ వైపు తిరిగి ఉందో చూసి, తీగల రంగులను పోల్చుకున్నాకే ఆర్డర్ చేయండి.

సెల్ ఎంత చార్జ్ పట్టుకోగలదో చెప్పే ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్ అవర్) అంకె ఎంత పెద్దదైతే అంత మంచిదనే భ్రమ కూడా వద్దు. నికెల్ ట్రిపుల్ ఏ సెల్‌లో నిజంగా పట్టేది సుమారు 1000 ఎంఏహెచ్ దాకా మాత్రమే. అదే సైజులో 1800 అని రాసి ఉంటే ఆ రాతను నమ్మకండి. అలాంటి సెల్ చేతిలోకి తీసుకుంటే తేలికగా అనిపించడం కూడా ఒక ఆనవాలు. మంచి సెల్ సుమారు 12 గ్రాములు తూగుతుంది. పైగా బేస్‌లు చార్జ్ చేసే కరెంటు చాలా తక్కువ. అది 60 మిల్లీఆంపియర్లు అనుకుందాం. చార్జింగ్‌లో వృథా అయ్యేది కూడా కలుపుకుంటే 550 ఎంఏహెచ్ సెల్ నిండటానికి దాదాపు 13 గంటలు పడుతుంది. 1000 ఎంఏహెచ్ సెల్‌కు దాదాపు రోజంతా పడుతుంది. రోజూ పావుగంట మాట్లాడే ఇంటికి ఆ తేడాతో పనే లేదు. ఫోన్‌ను ఎక్కువసేపు బేస్‌కు దూరంగా వదిలేసే అలవాటుంటే మాత్రం 2005లో శాన్యో ఎనెలూప్ పేరుతో తెచ్చిన, దానంతట అది త్వరగా ఖాళీ కాని రకం సెల్స్ ఉపయోగపడతాయి.

ప్రశ్న: మూత తీస్తే రిమోట్ సెల్స్ పట్టేంత చోటే ఉంది. మామూలు ఆల్కలైన్ సెల్స్ వేస్తే తప్పేమిటి?

జవాబు: వేయకూడదు. బేస్ మీద పెట్టిన క్షణం నుంచి ఫోన్ వాటిని చార్జ్ చేయడానికి ప్రయత్నిస్తుంది. చార్జింగ్‌కు పనికిరాని సెల్‌లోకి కరెంటు పంపితే లోపల వాయువు పుట్టి, కారడమో పగలడమో జరుగుతుంది. అంతకంటే ప్రమాదకరమైనవి ట్రిపుల్ ఏ సైజులోనే దొరికే 3.7 వోల్టుల లిథియం అయాన్ సెల్స్. రెండు వేస్తే 2.4 వోల్టులకు తయారైన ఫోన్‌లోకి 7.4 వోల్టులు వెళతాయి. పాత ఫోన్లలో నికెల్ కాడ్మియం అని రాసి ఉంటే దిగులు పడనక్కర్లేదు. అంతే వోల్టేజీ ఉన్న నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ నిదానంగా చార్జ్ చేసే బేస్‌లో సాధారణంగా బాగానే పనిచేస్తుంది. కొన్నాళ్ల పాటు హ్యాండ్‌సెట్ వేడెక్కుతోందేమో చేత్తో తాకి చూస్తుండండి.

ప్రశ్న: కొత్త బ్యాటరీ వేశాక ఎప్పుడూ బేస్ మీదే ఉంచవచ్చా? పాతదాన్ని ఏం చేయాలి?

జవాబు: వేసిన మొదటి రోజు 14 నుంచి 16 గంటలు కదపకుండా చార్జ్ చేయండి. తర్వాత బేస్ మీదే ఉంచవచ్చు, ఫోన్‌ను తయారు చేసిందే అందుకు. ఏడాదికో రెండేళ్లకో సామర్థ్యం తగ్గడం సహజం. పాతదాని ప్లగ్‌కు టేపు చుట్టి, విడి సెల్స్ అయితే రెండు చివరలకూ టేపు అతికించి, బ్యాటరీలు సేకరించే పెట్టెలో వేయండి. కాడ్మియం విషపదార్థం కనుక ఆ రకాన్ని చెత్తబుట్టలో పడేయకండి.