ఇన్వర్టర్‌కి మారగానే పీసీ రీస్టార్ట్ అవుతుంటే

కరెంటు పోయినప్పుడు ఫ్యాన్లు, లైట్లు బాగానే ఉండి డెస్క్‌టాప్ ఒక్కటే రీస్టార్ట్ అవుతోందన్నారు కదా, అది పీసీ లోపం కాకపోవచ్చు. ఇన్వర్టర్ అందుకోవడంలో ఆలస్యం. కరెంటు ఆగాక ఎస్ఎంపీఎస్ (పీసీ లోపల భాగాలకి కరెంటు అందించే పెట్టె) నిలబడేది సుమారు 16 మిల్లీసెకన్లే. ఫ్యాన్ ఆ ఊపులో తిరుగుతూనే ఉంటుంది కాబట్టి తేడా తెలియదు.

1. ఇన్వర్టర్ వెనక వైపు చూడండి. చాలా మోడళ్లలో యూపీఎస్, నార్మల్ అని చిన్న స్విచ్ ఉంటుంది (కొన్నిటిలో నార్మల్‌కి బదులు ఎకో అని రాసి ఉంటుంది). బిగించినవాళ్లు చెప్పరు, మనం గోడ వైపు తొంగిచూడం. దాన్ని యూపీఎస్ వైపు పెట్టండి. మారే సమయం బాగా తగ్గుతుంది.

2. ఫైళ్లు సేవ్ చేసుకుని, మెయిన్ ఎంసీబీ (మీటర్ దగ్గర ఇంటి కరెంటు మొత్తాన్ని ఆపే స్విచ్) ఆఫ్ చేసి పరీక్షించండి.

3. యూపీఎస్ మోడ్‌లో వోల్టేజీ సుమారు 180 కంటే తగ్గితే, కరెంటు ఉన్నా ఇన్వర్టర్ బ్యాటరీ మీదకి వెళ్తుంది. సాయంత్రం మోటార్లు ఆడే వేళ ఇలా జరిగి బ్యాటరీ దిగిపోతుంటే ఇన్వర్టర్ ముందు స్టెబిలైజర్ పెట్టించండి.

4. అయినా రీస్టార్ట్ అవుతుంటే పీసీకి విడిగా 600 వీఏ (సామర్థ్యం కొలత) యూపీఎస్, అంటే కరెంటు పోయినా పీసీని ఆగకుండా నడిపే చిన్న బ్యాటరీ పెట్టె, కొనండి. మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ (మామూలు కరెంటులా నునుపైన తరంగం కాకుండా చదరపు తరంగం ఇచ్చే రకం) అయితే కొనేముందు షాపులో అడగండి, కొన్ని యూపీఎస్‌లు ఆ కరెంటును ఒప్పుకోక బీప్ కొడుతూనే ఉంటాయి.

పీసీ క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందని కూడా అన్నారు, అది వేరే సమస్య. ఆ ప్లగ్‌కి ఎర్త్ అందడం లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ముందు అది సరిచేయించండి.