డూమ్ ముసుగు, డౌనీ ముఖం: ‘అవెంజర్స్’పై చెన్నై పాఠకుల ప్రశ్నలు

2026 డిసెంబరు 18న విడుదల కానున్న మార్వెల్ సంస్థ వారి సూపర్‌హీరోల చిత్రం ‘అవెంజర్స్: డూమ్స్‌డే’ గురించి చెన్నై పాఠకుల నుంచి ఈ నెల దండిగా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సందేహాన్ని తిప్పి తిప్పి అడిగినవాటిని పక్కన పెట్టి, మిగిలినవాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: ఐరన్ మ్యాన్‌గా 2019లో ప్రాణత్యాగం చేసిన రాబర్ట్ డౌనీ జూనియర్ ఇప్పుడు డాక్టర్ డూమ్‌గా వస్తున్నారు. డూమ్ అంటే మరో విశ్వంలోని టోనీ స్టార్కే (ఐరన్ మ్యాన్ అసలు పేరు) అని మా హాస్టల్లో సగం మంది, కానే కాదని సగం మంది. మెస్‌లో భోజనాల దగ్గర మొదలైన వాదన అర్ధరాత్రి దాటినా తెగడం లేదు. మీరే తీర్పు చెప్పాలి.
– డిగ్రీ విద్యార్థి, తాంబరం

జవాబు: కామిక్స్‌ను ప్రమాణంగా తీసుకుంటే రెండో పక్షానిదే గెలుపు. స్టాన్ లీ, జాక్ కిర్బీలు 1962లో ‘ఫెంటాస్టిక్ ఫోర్’ అయిదో సంచికలో విక్టర్ వాన్ డూమ్‌ను పరిచయం చేశారు. లాట్వేరియా అనే చిన్న దేశానికి ఏలిక, శాస్త్రమూ మంత్రవిద్యా రెండూ చేతిలో ఉన్నవాడు, కలిసి చదువుకున్న, ఫెంటాస్టిక్ ఫోర్ నాయకుడైన రీడ్ రిచర్డ్స్ మీద ఆనాటి పగను జీవితాంతం మోసేవాడు. టోనీ స్టార్క్‌తో అతనికి పుట్టుకతో వచ్చిన సంబంధమేమీ లేదు. 2016లో అదే కామిక్స్‌లో డూమ్ కొంతకాలం ఐరన్ మ్యాన్ కవచం తొడుక్కున్న మాట నిజమే గాని, అప్పుడు కూడా లోపలున్నది డూమే. కాబట్టి మొదటి పక్షం చేతిలో ఉన్న ఆధారమల్లా డౌనీ ముఖం ఒక్కటే.

ముఖాన్ని అంత గట్టి సాక్ష్యంగా తీసుకోవడం తెలుగు ప్రేక్షకులకు తగిన పని కాదని మా అభిప్రాయం. 1977లో ‘దానవీరశూర కర్ణ’లో ఎన్.టి. రామారావు గారు కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడూ తామే అయి కనిపించినప్పుడు, ఈ ముగ్గురికీ ఒకే రూపం ఎందుకుందో కథలో కారణం చెప్పమని మన పెద్దలెవరూ పట్టుబట్టలేదు. నడక మారింది, మాట మారింది, పాత్ర మారిపోయింది. వారికి అది చాలింది. డౌనీ కూడా ఆ పని చేయగలిగితే విశ్వాల లెక్కలు లేకుండానే డూమ్ నిలబడతాడు.

అయితే ఈ ఎంపిక వెనుక కథావసరం కంటే వ్యాపారావసరమే ఎక్కువగా ఉందన్న విమర్శను కొట్టిపారేయలేము. మొదట ఈ చిత్రం కాంగ్ అనే మరో ప్రతినాయకుడి పేరు మీద ప్రకటించినది. ఆ పాత్రధారి న్యాయస్థానంలో దోషిగా తేలడంతో మార్వెల్ సంస్థ 2023 డిసెంబరులో ఆయనను తప్పించింది. తర్వాత 2024 జూలైలో శాన్ డియేగో కామిక్ కాన్ అనే అభిమానుల మేళా వేదిక మీద డౌనీ ఆకుపచ్చ దుస్తుల్లో వచ్చి ముసుగు తీసినప్పుడు సభ దద్దరిల్లింది. ఆ కేకల్లో డూమ్ వస్తున్నాడన్న ఉత్సాహం ఎంతో, టోనీ తిరిగొచ్చాడన్న ఆనందం ఎంతో విడదీసి చెప్పడం కష్టం. సంస్థకు కావలసింది కూడా బహుశా ఆ కలగాపులగమే.

ప్రశ్న: మా ఇద్దరబ్బాయిల్లో పెద్దవాడు ఎక్స్-మెన్ పక్షం, చిన్నవాడు థార్ పక్షం. ఎవరి మనిషికి ఎంతసేపు చోటు దక్కుతుందని ఇప్పటి నుంచే తగవు. ఇంతమందిని ఒక్క సినిమాలో పెడితే కథ మిగులుతుందా?
– గృహిణి, టి. నగర్

జవాబు: అమ్మా, ఈ తగవు మీ ఇంట్లో పుట్టినది కాదు, మీ ఊరికి అరవై ఏళ్లుగా తెలిసినదే. 1962లో విజయా వారి ‘గుండమ్మ కథ’లో రామారావు, నాగేశ్వరరావు గార్లు కలిసి నటించినప్పుడు ఎవరి పేరు ముందు వేసినా రెండో వారి అభిమానులతో పేచీయే గనుక, టైటిల్స్‌లో నటుల పేర్లు వేయకుండా ఫొటోలు చూపించారు. మార్వెల్ వారికీ ఇంచుమించు అదే చిక్కు వచ్చింది. 2025 మార్చి 26న వారు నటుల పేర్లు రాసిన కుర్చీలను ఒక్కొక్కటిగా చూపుతూ దాదాపు అయిదున్నర గంటల పాటు ప్రత్యక్ష ప్రసారం నడిపారు. థార్ పాత్రధారి క్రిస్ హెమ్స్‌వర్త్ కుర్చీతో మొదలుపెట్టి 27 పేర్లు ప్రకటించి, చివర డౌనీని స్వయంగా చూపించారు. ఖాళీ కుర్చీల వరుసను అన్ని గంటలు కళ్లార్పకుండా చూసిన జనం ఉన్నారంటే, అభిమానం ఏ స్థాయిలో ఉందో వేరే చెప్పాలా? మీ చిన్నవాడు మొదటి కుర్చీ మావాడిదే అంటాడు. అయితే ఎక్స్-మెన్ నటులు ప్యాట్రిక్ స్టూవర్ట్, ఇయాన్ మెక్‌కెలెన్‌ల పేర్లు చూపి పెద్దవాడు వాడి నోరు మూయించవచ్చు. 2019లో మార్వెల్ యజమాని డిస్నీ సంస్థ ఫాక్స్ చిత్రవిభాగాన్ని కొన్న తర్వాతే ఎక్స్-మెన్ పాత్రలు ఈ ఇంటికి చేరాయి.

ఇక కథ సంగతి. దర్శకులు రూసో సోదరులకు జనాన్ని అదుపు చేయడం కొత్త కాదు. 2018 నాటి ‘ఇన్ఫినిటీ వార్’లో నాయకులను నాలుగు దిక్కులకూ పంపి, కథను మాత్రం ప్రతినాయకుడు థానోస్ కోరిక అనే ఒక్క దారానికి కట్టారు, అతను వెతికే మహిమగల రాళ్లు ఎక్కడుంటే కథ అక్కడికి నడిచింది. మరుసటి ఏడాది వచ్చిన ‘ఎండ్‌గేమ్’కు మూడు గంటల నిడివి ఉన్నా, థానోస్ మాయం చేసిన సగం మందిని చివరి పోరాటం దాకా తిరిగి రానీయకుండా, 2012 నాటి మొదటి ఆరుగురు అవెంజర్స్‌కు నింపాదిగా మాట్లాడుకునే వ్యవధి ఇచ్చారు. రెండింటి కిటుకూ ఒక్కటే: పోస్టరు మీద ఎందరున్నా కథ కొందరిదే. డూమ్ కోరిక ఏమిటో మొదటి అరగంటలో మనకు అర్థమైతే 27 మంది ఉన్నా భయం లేదు. అది తేలకపోతే సినిమా పేర్ల పట్టిక చదివినట్టు ఉంటుంది. కాబట్టి మీ అబ్బాయిలిద్దరికీ ముందే చెప్పి ఉంచండి, ఇద్దరిలో ఒకరికి ఆశాభంగం తప్పదు. ఇద్దరికీ తప్పకపోవచ్చు కూడా.

ప్రశ్న: కెప్టెన్ అమెరికా అయిన స్టీవ్ రోజర్స్ కథ ముగిసిందని 2019లో హాల్లో ఏడ్చిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు ఆయనా వస్తున్నారట. సంతోషించాలా, మోసపోయామనుకోవాలా?
– బ్యాంకు ఉద్యోగిని, పెరంబూరు

జవాబు: మీ రెండో మాట వైపే మేము మొగ్గుతున్నాము. 2025 డిసెంబరులో వచ్చిన మొదటి టీజర్‌లోనే క్రిస్ ఎవాన్స్ పసిబిడ్డను ఎత్తుకుని కనిపించారు, స్టీవ్ రోజర్స్ తిరిగి వస్తాడన్న అక్షరాలూ పడ్డాయి. ‘ఎండ్‌గేమ్’ ముగింపులో మనం చూసినది, డాలును మరొకరికి అప్పగించి, ప్రేమించిన మనిషితో బతకడానికి గతానికి వెళ్లిపోయిన ఒక సైనికుడి విశ్రాంతి. ఆ చిత్రానికి అంతకు మించిన అందం లేదు. ఆ విశ్రాంతిని చెడగొట్టినందుకు తగిన మూల్యం కథ చెల్లించాలి: ఆయన రాకతో ఏదో ఒకటి శాశ్వతంగా పోవాలి, లేదా గతానికి వెళ్లిపోవడమే ఇప్పటి ఆపదకు కారణమని తేలాలి. ఊరికే చప్పట్ల కోసం తెచ్చి నిలబెడితే, ఇకపై ఈ కథల్లో ఎవరు పోయినా మనకు కన్నీరు రాదు. ఈ ఒక్క విషయంలో మాత్రం అభిమానుల వాదన కాలక్షేపం కాదని, సినిమా గుండెకాయ మీద జరుగుతున్న చర్చ అని నమ్ముతున్నాము.

ప్రశ్న: అత్తగారు తెలుగులో చూస్తామంటారు, పిల్లలు ఇంగ్లీషులో, మావారు తమిళంలో. ఏ భాషలో చూడడం మంచిది?
– వేళచ్చేరి పాఠకురాలు

జవాబు: డబ్బింగ్‌లో గొంతు కుదిరితే పాత్రకు కొత్త ప్రాణం వస్తుంది. 2018లో థానోస్‌కు తెలుగులో రానా దగ్గుబాటి గొంతు ఇవ్వగా ఆ గాంభీర్యం అతికినట్టు సరిపోయింది. 2019లో తమిళ ఐరన్ మ్యాన్‌కు విజయ్ సేతుపతి గొంతు ఇచ్చినప్పుడు, ఆయన ఎంత గొప్ప నటుడైనా, పాత గొంతుకు అలవాటుపడ్డ అభిమానులు ట్రైలర్ వచ్చిన రోజే గగ్గోలు పెట్టారు. అదే డౌనీ ఇప్పుడు డూమ్‌గా వస్తుంటే ఏ గొంతు పెడతారన్నది డబ్బింగ్ వారికి నిజంగా పరీక్షే. ఐరన్ మ్యాన్ గొంతే పెడితే తాంబరం హాస్టల్లో మొదటి పక్షం వారు మళ్లీ లేచి కూర్చుంటారు.

చెన్నైలో ఇలాంటి చిత్రాలకు ఇంగ్లీషు, తమిళం ఆటలే ఎక్కువ. అత్తగారి కోరిక తీర్చాలంటే సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని సూళ్లూరుపేట వెళ్లడం ఒక మార్గం. అక్కడ 2019లో తెరిచిన వి ఎపిక్ హాలులో దాదాపు నూరడుగుల వెడల్పు తెర ఉంది. తెర కోసమే చెన్నై నుంచి వెళ్లేవారున్నారు. విడుదల వారంలో ఏ భాష ఆట వేస్తారో బుకింగ్ తెరిచాక చూసుకుని బయలుదేరండి. ఊళ్లోనే పెద్ద తెర కావాలంటే వడపళనిలో ఒకప్పటి విజయా-వాహినీ స్టూడియోల స్థలంలో వెలసిన మాల్‌లో ఐమాక్స్ ఉంది. అయితే అదే తేదీకి ‘డ్యూన్’ మూడో భాగం కూడా ప్రకటించారు, అమెరికాలో ఐమాక్స్ తెరలను అదే ముందుగా దక్కించుకుంది; ఇక్కడ కూడా పోటీ తప్పకపోవచ్చు.

ప్రశ్న: నాకు డెబ్బై దాటాయి. మనవడు టికెట్ తీస్తానంటున్నాడు. ముందుగా ఏమేమి చూసి ఉండాలి?
– విశ్రాంత ఉపాధ్యాయులు, కొళత్తూరు

జవాబు: మాస్టారూ, మనవడు ముప్పై పైచిలుకు చిత్రాల పట్టిక ఇస్తాడు, దానికి లొంగకండి. ‘ఇన్ఫినిటీ వార్’, ‘ఎండ్‌గేమ్’ వరుసగా చూడండి. తర్వాత 2025 జూలైలో వచ్చిన ‘ఫెంటాస్టిక్ ఫోర్: ఫస్ట్ స్టెప్స్’ చూసి, పేర్లు పడుతున్నాయని లేవకుండా కూర్చోండి, మధ్యలో వచ్చే చిన్న సన్నివేశంలో ముసుగు చేతపట్టుకున్న డూమ్ ముఖం కనబడకుండా కనిపిస్తాడు. ఓపిక ఉంటే అదే ఏడాది మే నెలలో వచ్చిన ‘థండర్‌బోల్ట్స్’ కూడా చూడండి. ఎక్స్-మెన్ సంగతులు టి. నగర్ అబ్బాయి లాంటి వారెవరైనా, మీరు అడగకపోయినా, ఇంటర్వెల్‌లో చెబుతారు.