కొత్తగా హెడ్మాస్టరైన అమ్మాయికి

అమ్మాయీ,

ఆశీస్సులు. కడప ఆర్జేడీ (పాఠశాల విద్య ప్రాంతీయ సంయుక్త సంచాలకుల) కార్యాలయం నుంచి నీ పదోన్నతి ఉత్తర్వులు వచ్చాయనీ, ఆదోని డివిజన్‌లో ఊరు దొరికిందనీ ఫోనులో చెప్పావు. చెబుతూనే "చేరాలా, వదులుకోవాలా సార్?" అని అడిగావు. చేరమని అప్పుడే అన్నాను. చేరాక ఏం చేయాలన్నది ఫోనులో తేలే సంగతి కాదు కాబట్టి ఈ ఉత్తరం. తీరిక దొరికాక చదువుదామనుకోకు, ఇక నీకు తీరిక దొరకదు.

ముందు ఒక మాట. ఈ పదవికి నిన్ను ఎవరూ ఏరికోరి ఎంచలేదు. స్కూల్ అసిస్టెంట్ల సీనియారిటీ జాబితాలో నీ వంతు వచ్చింది, రిజర్వేషన్ల రోస్టరు కుదిరింది, శాఖాపరమైన పరీక్షలు ఎప్పుడో రాసి ఉన్నావు, అంతే. ఈ పద్ధతిని నేను తప్పుపట్టను. ఇంటర్వ్యూలు పెట్టి హెడ్మాస్టర్లను తీసుకోవడం మొదలుపెడితే ఎవరి సిఫారసు ఎవరి బల్ల మీదికి చేరుతుందో నీకు తెలియనిది కాదు. అయితే ఆ జాబితాకు ఒక్క విషయం కనబడదు. తోటి ఉపాధ్యాయుల పనిని గమనించే ఓపిక ఈ మనిషికి ఉందా అన్నది. ఇన్నేళ్లూ నీ తరగతి, నీ లెక్కలు, నీ ఫలితాలు అంటూ పనిచేశావు. ఇప్పుడు ఇతరుల తరగతులే నీ పని. చాలామంది ఈ మలుపు తిరగరు. మంచి గణితం టీచర్లుగానే ఉండిపోయి, బిల్లుల మీద హెడ్మాస్టరు సంతకం పెడుతూ పదవీ విరమణ చేస్తారు.

ఇంటి సంగతి త్వరగా తేల్చుకో. కర్నూలు నుంచి రోజూ తిరుగుతానంటే నేను ఒప్పుకోను. ఆదోనికే దాదాపు 100 కిలోమీటర్లు, అక్కడి నుంచి మళ్లీ ఆటో. హెడ్మాస్టరు పదింటికి చెమటలు కక్కుకుంటూ దిగితే, తొమ్మిదికి రాని వాళ్లను అడిగే నోరు ఎక్కడిది? ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఇల్లు చూసుకో. అల్లుడు గారితో నేను మాట్లాడతాను, అవసరమైతే.

బాధ్యతలు తీసుకునే రోజు శాలువాలు, ఫొటోలు సాయంత్రానికి పెట్టించు. పొద్దున్నే క్యాష్ బుక్కు తెరువు. అందులోని నిల్వకూ బ్యాంకు పాసు పుస్తకంలోని నిల్వకూ తేడా ఉంటే, తేడా ఎంతో చార్జి జాబితాలో రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. స్టాక్ రిజిస్టరులో ఉన్న ట్యాబులు, తెరలు, ప్రయోగశాల సామాను చేత్తో లెక్కపెట్టు. మధ్యాహ్న భోజనం బియ్యం తూకం వేయించు. టీసీ పుస్తకంలో వరుస సంఖ్యలు తెగకుండా ఉన్నాయా చూడు. అడ్మిషన్ రిజిస్టరులో పుట్టిన తేదీ గడిలో దిద్దుబాట్లు, తెల్లరంగు పూతలు కనబడితే ఆ పేజీ సంఖ్య రాసుకో. పదేళ్ల తర్వాత ఎవరో కోర్టుకు వెళ్తే సమాధానం చెప్పాల్సింది ఆనాటి హెడ్మాస్టరు కాదు, దిద్దుబాటును చూసీ ఊరుకున్న నువ్వు. జీతాల బిల్లులు పెట్టే డ్రాయింగ్ అధికారివి కూడా నువ్వే కనుక అందరి సర్వీసు రిజిస్టర్లూ మొదటి రెండు నెలల్లో పేజీ పేజీ చదువు. ఎవరి ఇంక్రిమెంటు నమోదు కాలేదో, ఎవరి సెలవుల ఖాతా మూడేళ్లుగా తాజా కాలేదో తేలుతుంది. అడగకముందే వాటిని సరిచేసిన హెడ్మాస్టరు మాటను సిబ్బంది ఎలా వింటారో చూద్దువుగాని.

మండలంలో ఎంఈఓ (మండల విద్యాధికారి) కుర్చీ ఖాళీ అయితే పూర్తి అదనపు బాధ్యతలు నీకు అంటగట్టే ప్రయత్నం జరగవచ్చు. ప్రభుత్వ ఉపాధ్యాయులకూ పంచాయతీరాజ్ ఉపాధ్యాయులకూ మధ్య సర్వీసు నిబంధనల తగాదా కోర్టుల్లో నలిగిన ఏళ్లన్నీ మన మండలాలు ఇన్‌చార్జీల చేతుల్లోనే నడిచాయి. హెడ్మాస్టరే మండలానికి ఇన్‌చార్జి అయితే బడికి హెడ్మాస్టరు లేడు, మండలానికీ అధికారి లేడు. మొదటి ఏడాది మాత్రం చేతులు జోడించి వద్దని రాసిచ్చేయి.

ఇక బడి లోపలి పని. మొదటి నెల టైమ్‌టేబుల్‌ను కదపకు. ప్రతి తరగతిలో వెనక బెంచీలో కూర్చో, తప్పులు పట్టే పుస్తకం మాత్రం చేతిలో పెట్టుకోకు. నెల తర్వాత ఒక్క మార్పు చేయి. బడిలో అందరికన్నా బాగా చెప్పే తెలుగు టీచరునూ, గణితం టీచరునూ ఆరో తరగతికి పంపు. గొడవ జరుగుతుంది. పదో తరగతి ఫలితం పడిపోతుందంటారు, జిల్లా విద్యాధికారి (డీఈఓ) సమీక్షలో నిలబెడతారంటారు. జిల్లా అంతా మంచి టీచర్లను పదికే కట్టేస్తుంది, ఆరో తరగతి ఎవరికి మిగిలితే వాళ్లకు. అందుకే మూడో తరగతి వాచకం చదవలేని పిల్లవాడు తొమ్మిది దాకా నెట్టుకొచ్చి, పదిలో జనవరి నుంచి ప్రత్యేక తరగతుల్లో కూర్చుంటాడు. ఆ కొద్ది రోజుల్లో ఏ పండితుడు వచ్చినా చేయగలిగింది తక్కువ. హొళగుంద, కౌతాళం వైపు పిల్లలు చాలామంది ఇంట్లో కన్నడం మాట్లాడతారు. ఆరులో తెలుగు గట్టిగా నిలబడకపోతే తర్వాత సైన్సూ నిలబడదు, సోషలూ నిలబడదు. ఈ విషయంలో ఉపాధ్యాయ సంఘాల వాళ్లు వచ్చి సీనియారిటీ ప్రకారం తరగతులు పంచమంటే టీ ఇచ్చి పంపించు.

వలస గురించి నీకు కర్నూలులో కూర్చుంటే తెలియదు. ఆ పడమటి మండలాల్లో దసరా, దీపావళి దాటగానే కుటుంబాలు కదులుతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతకు, బెంగళూరు కట్టడాల పనులకు పోతారు. ఉగాదికి గాని తిరిగి రారు. పదో తరగతి పరీక్షలేమో మార్చిలో. మిరప కోత జోరుగా ఉండేదీ అప్పుడే. పిల్లవాడు పరీక్షకు రాలేదంటే చదువు మీద ఇష్టం లేక కాదు, వాడు మిరప చేలో ఉన్నాడు. ఎనిమిదో తరగతి ఆడపిల్ల రాలేదంటే తమ్ముణ్ని ఎత్తుకొని గట్టు మీద కూర్చుంది. సమగ్ర శిక్ష తరఫున సీజనల్ హాస్టళ్లు నడుస్తాయి, ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలూ ఉన్నాయి. కానీ తల్లిదండ్రులు లారీ ఎక్కే ముందు రాత్రి వెళ్లి హాస్టల్ గురించి చెబితే ఎవరూ పిల్లల్ని దించరు. సెప్టెంబరులోనే ఏ ఇల్లు కదులుతుంది, ఏ ఇంట్లో అవ్వ మిగులుతుంది అన్న జాబితా నీ దగ్గర ఉండాలి. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలనీ, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లనీ విద్యాహక్కు చట్టం చెబుతోంది కదా, ఆ తల్లులను సంతకాలకు మాత్రమే పిలవకు. కూలీలను తీసుకెళ్లే ఏ మేస్త్రీ దగ్గర ఎవరు ముందస్తు డబ్బు తీసుకున్నారో వాళ్లకు ముందే తెలుస్తుంది.

నాతో పనిచేసిన ఒక హిందీ పండితులు ఈ జాబితాను ఏటా ఒక నోటు పుస్తకంలో రాసేవారు. ఎవరూ చెప్పలేదు, ఏ సర్క్యులరూ రాలేదు. పిల్లల పేరు, ఊరు విడిచిన రోజు, వెళ్లిన చోటు, మేస్త్రీ ఫోను నంబరు. పరీక్షలకు ముందు ఆ నంబర్లకు ఫోను చేసి, ఆదివారాలు బస్సెక్కి వెళ్లి, కొందరు పిల్లల్ని వెంటబెట్టుకొని వచ్చేవారు. ఆయనకు ఏ అవార్డూ రాలేదు. ఎందుకు రాలేదో నీకు చెప్పాలి, ఈ ఉత్తరంలో అసలు సంగతి అదే. ఆయన పని ఏ కాగితం మీదా లేదు. ఆ నోటు పుస్తకం ఆయన చంకలోని సంచిలో ఉండేది.

కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం చూశావు కదా. అధ్యాపకుడిగా పనిచేసిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఊరూరా తిరిగి చందాలు పోగుచేసి నిలబెట్టారు. ఆ కృషికి ఒక భవనం ఉంది, ఇదిగో అని చూపించవచ్చు. చదవడం రాని ముప్ఫై మందికి చదవడం నేర్పిన ఆరో తరగతి టీచరుకు చూపించడానికి ఏముంది? నువ్వు రాసిపెట్టకపోతే ఏమీ లేదు. కాబట్టి ప్రతి ఉపాధ్యాయుడి పేరుతో ఒక ఫైలు తెరువు. అందులో పొగడ్తలు రాయకు. జూన్‌లో ఈ తరగతిలో చదవగలిగిన వాళ్లు ఇంతమంది, డిసెంబరులో ఇంతమంది, ఏప్రిల్‌లో ఇంతమంది అని రాయి. జాతీయ ఉపకారవేతన పరీక్షకు ఎనిమిదో తరగతి నుంచి ఎందరిని కూర్చోబెట్టారు, ఎందరికి వచ్చింది అని రాయి. ఆ ఉపకారవేతనం ఏడాదికి 12,000 రూపాయలు, తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు వస్తుంది. కుటుంబ ఆదాయం 3.5 లక్షలు దాటకూడదు. మిరప కూలీల పిల్లలకు అది చిన్న డబ్బు కాదు. పరీక్ష గెలిచాక కూడా ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకులో ఒక పేరు ఉండి డబ్బు ఆగిపోతుంటుంది. దాన్ని పట్టుదలగా సరిచేయించే టీచరు ఒకరైనా ప్రతి బడిలో ఉంటారు, వాళ్ల పేరు రాయి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి వెళ్లిన పిల్లలకు దరఖాస్తు ఎవరు నింపారు, ప్రభుత్వ బడి పిల్లల మార్కులకు అదనంగా కలిపే 4 శాతం సంగతి ఎవరు చెప్పారు, అదీ రాయి. పిల్లల సైన్సు ఆలోచనలకు కేంద్రం డబ్బిచ్చే ఇన్‌స్పైర్ పథకం కింద 10,000 రూపాయలు వచ్చిన నమూనా వెనక ఏ సైన్సు టీచరు సాయంత్రాలు పోయాయో అదీ.

ఇప్పుడు అవార్డుల సంగతి. సెప్టెంబరు 5న జిల్లా స్థాయిలో, రాష్ట్ర స్థాయిలో ఇస్తారు. ఆగస్టు చివరలో హఠాత్తుగా ఒక సందేశం వస్తుంది, రేపు సాయంత్రంలోగా పేర్లు పంపమని. ఆ రాత్రికి ఎవరి దగ్గర ఫొటోలున్న ఫైలు సిద్ధంగా ఉంటుంది? ఏడాది పొడవునా తన ఫొటోలు తానే తీయించుకునే వాడి దగ్గర. అతణ్నీ నేను తిట్టను. అవార్డు కోసమే అయినా చెట్లు నాటితే చెట్లు పెరుగుతాయి. కానీ బడి తరఫున వెళ్లే పేరు అతడిది ఒక్కటే కాకుండా చూడటం నీ బాధ్యత. నీ ఫైళ్లు జూలైకే సిద్ధంగా ఉంటే ఆ సందేశం వచ్చిన రాత్రి నువ్వు హాయిగా నిద్రపోవచ్చు.

జాతీయ అవార్డు దారి వేరు. 2018 నుంచి ఉపాధ్యాయులే ఆన్‌లైన్‌లో స్వయంగా దరఖాస్తు చేసుకోవాలి. జిల్లా కమిటీ మూడు పేర్లను పైకి పంపుతుంది, రాష్ట్ర కమిటీ వడపోస్తుంది, చివరికి ఢిల్లీ జ్యూరీ ముందు మాట్లాడాలి. వెండి పతకం, ప్రశంసాపత్రం, 50,000 రూపాయలు. ట్యూషన్లు చెప్పేవాళ్లకు అర్హత లేదు, ముందే కనుక్కో. ఎవరి పేరు వాళ్లే ఇచ్చుకోవాలనగానే నిజంగా పనిచేసే వాళ్లలో సగం మంది సిగ్గుతో వెనక్కి తగ్గుతారు. "మనకెందుకు మేడం అవన్నీ" అంటారు. నువ్వు పక్కన కూర్చొని నింపించు. తెలుగులో బాగా రాసేవాళ్లు ఇంగ్లీషు దరఖాస్తు చూసి భయపడతారు, ఆ సాయం బడిలోని ఇంగ్లీషు టీచరు చేత చేయించు.

అవార్డు రాకపోయినా గుర్తింపు ఆగనక్కర్లేదు. తల్లిదండ్రుల సమావేశంలో నీ ఉపన్యాసం తగ్గించి, ఏ టీచరు ఏం చేశారో పేరుపెట్టి చెప్పు. 2025 జూలై 10న మెగా సమావేశానికి ముఖ్యమంత్రి శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువు బడికి వచ్చినప్పుడు జిల్లాలన్నీ అటే చూశాయి. నీ ఊళ్లో ఏ మంత్రీ రాని సమావేశంలో కూడా ఆ ఆరో తరగతి మేడం పేరు తల్లుల చెవిన పడాలి.

ఒక్క జాగ్రత్త. ఉపాధ్యాయ నియామకాల మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించినప్పుడు మన ఉమ్మడి జిల్లాకు పెద్ద వాటా వచ్చింది. అలా వచ్చిన పిల్లలు నీ బడిలోనూ ఉంటారు. ఫోను చురుగ్గా వాడతారని యాప్ పనులన్నీ వాళ్ల మీద పడేస్తారు. పాఠం చెప్పడం నేర్చుకోవాల్సిన మొదటి రెండేళ్లు డేటా ఎక్కించడంలో పోతాయి. ఆ పనిని వంతుల వారీగా అందరికీ పంచు, నువ్వూ ఒక వంతు తీసుకో.

హెడ్మాస్టరు ఒకే బడిలో అయిదేళ్లకు మించి ఉండకూడదు. అంటే నువ్వు చేరిన ఏడాది ఆరులో ఉన్న పిల్లలు పది రాసే దాకా ఉండవచ్చు. అది చాలు. దసరా సెలవుల్లో ఇంటికి రా. వచ్చేటప్పుడు ఆరో తరగతిలో చదవగలిగిన పిల్లల జాబితా, వలస వెళ్లబోయే ఇళ్ల జాబితా పట్టుకొని రా. మీ అమ్మ కూడా తోడు వస్తే మా ఇంటావిడ సంతోషిస్తుంది.

ఇట్లు
మీ సారు
కర్నూలు